పాత కత్తి మీది చారలు అసలువో నకిలీవో ఇలా చూడండి

హనుమకొండలో మాది కర్టెన్ల దుకాణం. బట్టను తిరగేయకుండా నేను ధర అడగను. కత్తి దగ్గర మాత్రం ఆ తెలివి పనిచేయలేదు. ఒక దసరాకు ఆయుధపూజ అని మా కాక ఇంట్లో ఉన్న పాత కత్తిని ఎమిరీ పేపరుతో అద్దంలా తోమిపెట్టాను. దాని మీద నీటి అలల్లా ఉండే చారలన్నీ మాయం. కాక వారం రోజులు నాతో మాట్లాడలేదు.

డమాస్క్ బట్ట చూడండి. రంగు ఒకటే, పువ్వు మాత్రం కనిపిస్తుంది. పువ్వు దగ్గర పడుగు (నిలువు దారం) పైకి తేలితే, చుట్టూ ఖాళీ దగ్గర పేక (అడ్డ దారం) తేలుతుంది. అందుకే తిరగేస్తే మెరుపు తారుమారవుతుంది కానీ పువ్వు పోదు. అద్దకమైతే వెనక వెలిసినట్టుంటుంది. ఈ పేరు సిరియాలోని డమాస్కస్ ఊరిదే. అలల కత్తినీ ఐరోపావాళ్లు ఆ ఊరి పేరుతోనే పిలిచారు, ఉక్కు మనదైనా సరే! నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన ‘ఉక్కు’ మాటే ఇంగ్లీషులో ‘ఊట్జ్’ అయిందంటారు. 1795లో జార్జ్ పియర్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు లండన్‌లో ఆ ఉక్కు మీద పరిశోధన వ్యాసం చదివాడు.

ఇక కత్తి. ముందు దాని వీపు, అంటే పదునుకు ఎదురుగా ఉండే మొద్దు అంచు చూడండి. రకరకాల ఇనుప రేకులు అతికి కొట్టినదైతే పొరల గీతలు వీపు మీదా కనబడతాయి. మూస ఉక్కులో ఆ అతుకులుండవు, సన్నని నలిగిన అలలే. లేజర్‌తో గీసినదైతే పైపైనే, రుద్దితే పోయి మళ్లీ రాదు.

అసలువైతే మళ్లీ వస్తాయి. మూస ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం ఉంటుంది. సమ్మెటతో సాగగొట్టేటప్పుడు అందులోని కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) బారులు తీరుతుంది. ఆ బారులను పైకి తేల్చడానికి పూర్వం అన్నభేది (ఒక ఇనుప లవణం) నీళ్లు వాడేవారు, ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు. చేతులకు గ్లౌజులు వేసుకుని, ఆరుబయట, ప్లాస్టిక్ గిన్నెలో దాన్ని నీళ్లతో బాగా పలచన చేయండి. కత్తికి జిడ్డు లేకుండా సబ్బుతో కడిగి, పిడి దగ్గర ఒక మూల మాత్రమే దూదితో అద్దండి. చుట్టూ ఇనుము నల్లబడుతుంది, కార్బైడ్ తెల్లని గీతల్లా మిగులుతుంది. వెంటనే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాయండి. విలువైన పురాతన కత్తయితే ఈ పని మీరు చేయకండి, మ్యూజియంలో చూపించండి.

ఆ మూలలో చారలు తేలగానే కాకకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ‘‘ఈసారి పసుపు కుంకుమ పెట్టు చాలు. తోమకు’’ అన్నాడు.