ముందే రిటైరయ్యారా? రీట్లు, ఇన్విట్ల మీద ఇంటిఖర్చు ఎలా నడపాలి

యాభై దాటీ దాటకుండానే ఉద్యోగం మానేసి చేతికొచ్చిన డబ్బు మీద బతుకుదాం అనుకునేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే బెజవాడలో, గుంటూరులో చాలామంది ఉన్నారు, నేనూ 52కే మానేశాను. అందరూ అడిగేది ఒకటే, ఎఫ్‌డీ వడ్డీ చాలట్లేదండీ ఇంకెక్కడ పెట్టాలి అని. రీట్లు, ఇన్విట్లు చూడండి అని చెప్తా, అంటే బిల్డింగుల అద్దె, కరెంటు లైన్లు, టోల్ రోడ్ల ఆదాయం మనకి పంచే ట్రస్టులు. విని కొనేస్తారు, కొన్నాక చెయ్యాల్సిన ముఖ్యమైన పని, వచ్చిన డబ్బులో ఆదాయమెంత, మన అసలెంత అని విడదీయడం, అది మాత్రం చెయ్యరు. ఏళ్ల తరబడి అదే చూసి చూసి ఇవాళ మొత్తం రాస్తున్నా.

కావాల్సినవి: డీమ్యాట్ అకౌంట్ (షేర్లు, యూనిట్లు ఉంచుకునే అకౌంట్), దానికి లింకైన బ్యాంక్ అకౌంట్, పాన్ కార్డు, ఒక రూళ్ల నోట్‌బుక్. నోట్‌బుక్ తప్పనిసరి, ఫోన్లో రాసుకుంటాలెండి అంటే ఒప్పుకోను.

వీటి జోలికి వచ్చేముందు హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుని ఉండాలి, రెండేళ్ల ఇంటిఖర్చు ఎఫ్‌డీల్లో ఉండాలి, అది కూడా ఒక్కో బ్యాంకులో 5 లక్షలు దాటకుండా, ఎందుకంటే డిపాజిట్ ఇన్సూరెన్స్ అంతవరకే. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింట్ అయితే 15 లక్షలు పెట్టుకోవచ్చు, అది నింపేయండి. సీనియర్ సిటిజన్ స్కీమ్ 60 ఏళ్లకి, ముందే రిటైరైన వాళ్లకైనా 55 నిండాలి, సైన్యంలో చేసినవాళ్లు తప్ప 52కి మానేసినవాళ్లకి దాంట్లో చోటు లేదు. ఇవన్నీ అయ్యాక మిగిలినదాంట్లో నాలుగో వంతు మించకుండా రీట్లు, ఇన్విట్లు. నాలుగో వంతు అంటే నాలుగో వంతే.

రీట్ అంటే పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులు, మాల్స్ ఉన్న ట్రస్టు. వాటి అద్దెలో మనకి వాటా. మన దేశంలో మొదటిది ఎంబసీ, 2019లో లిస్టయింది, తర్వాత మైండ్‌స్పేస్, బ్రూక్‌ఫీల్డ్, 2023లో నెక్సస్ వచ్చాయి. మన పిల్లలు ఉద్యోగాలు చేసే మాదాపూర్ మైండ్‌స్పేస్ బిల్డింగులు, కూకట్‌పల్లి నెక్సస్ మాల్, ఇవన్నీ ఆ లెక్కలోవే. ఇన్విట్ అంటే అదే పద్ధతిలో కరెంటు లైన్లు, టోల్ రోడ్లు. ఇండిగ్రిడ్, పవర్‌గ్రిడ్ ఇన్విట్ అలాంటివి. ఈ ట్రస్టుల్లో మనం కొనే వాటాని యూనిట్ అంటారు. షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ రూల్ ప్రకారం పంచదగ్గ నగదులో కనీసం 90 శాతం యూనిట్లున్న వాళ్లకి పంచాల్సిందే. 2021 నుంచి ఒక్క యూనిట్ కూడా షేర్ కొన్నట్టే కొనుక్కోవచ్చు.

ఇక్కడ ఒకమాట. ఫ్లాట్ కొని అద్దెకిస్తే పోలా అంటారు. లెక్క వెయ్యండి, 70 లక్షలు పెట్టి బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్ కొని నెలకి 17 వేలకి ఇచ్చారనుకోండి, ఏడాదికి 2 లక్షల 4 వేలు, అంటే 3 శాతం కూడా రాలా, పైగా ఇంటిపన్ను, గోడలకి సున్నాలు, రెండు నెలలు ఖాళీగా ఉంటే అదొకటి. మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాళ్లున్నారు, అది రేటు మీద పందెం, నెల గడిచే దారి కాదు. ఇక నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద ఇవ్వడం నేనూ చేశా. 14 నెలలు ఠంచనుగా వడ్డీ ఇచ్చాడు, తర్వాత ఆపాడు, మొహమాటానికి పోయి నోటు వెనకాల చెల్లు వేయించుకోలేదు, నోటు తిరగరాయించుకోలేదు, మూడేళ్లు దాటేసరికి కాలదోషం పట్టింది, ఆయనేమో ఐపీ పెట్టేశాడు. ఆ రోజు నుంచీ ఎవరి మొహం చూసీ అప్పివ్వలేదు.

సరే, కొనడం. యాప్‌లో పేరు కొట్టి, లిమిట్ ఆర్డర్ (ఇంతకి మించి కొనను అని రేటు చెప్పే ఆర్డర్) పెట్టి, నెలకి కొంచెం చొప్పున ఏడాది పాటు కొనండి. ఒకేసారి కొనొద్దు. రికార్డ్ డేట్ (ఆ రోజుకి యూనిట్లు ఎవరి పేరున ఉంటే వాళ్లకే డబ్బు) ముందురోజు పరిగెత్తి కొనొద్దు, పంచే డబ్బు మేరకి రేటు ఎలాగూ దిగుతుంది. రెండు రీట్లు, రెండు ఇన్విట్లు చాలు.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటుకొచ్చాం, దయచేసి నిదానంగా చదవండి.

గుంటూరు బ్రాడీపేటలో నాకు బాగా తెలిసిన అన్నయ్యగారొకాయన ఒక రోడ్ల ఇన్విట్ కొన్నారు. ఫోన్ చేసి తమ్ముడూ నూటికి 12 వస్తున్నాయి, మొత్తం ఇందులోకే మార్చేస్తున్నా అన్నారు. నేను ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లా. ఎందుకంటే అకౌంట్లో పడ్డ డబ్బంతా ఆదాయం కాదు. ట్రస్టు పంచే దాంట్లో వడ్డీ ఉంటుంది, డివిడెండ్ ఉంటుంది, అప్పు తిరిగి చెల్లింపు అని ఇంకో ముక్క ఉంటుంది, అంటే ట్రస్టు తన కింది కంపెనీలకిచ్చిన అప్పు తిరిగొస్తే అది మనకి పంచడం. ఆ మూడో ముక్క మీ అసలే మీకు తిరిగి రావడం. బ్యాంక్ మెసేజ్‌లో ఇదంతా విడివిడిగా కనపడదు, ఒకే మొత్తం పడుతుంది, మనం పండగ చేసుకుంటాం.

అదొక్కటే కాదు, రోడ్డు శాశ్వతం కాదు. టోల్ వసూలు చేసుకునే హక్కుకి గడువుంటుంది, గడువైతే రోడ్డు ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఆయన నోట్‌బుక్‌లోనే లెక్క రాసి చూపించా. యూనిట్ 100, ఏడాదికి 12, రోడ్డుకి ఇంకా 15 ఏళ్ల గడువు, ఆ తర్వాత సున్నా అనుకోండి. ఎక్సెల్‌లో రేట్ ఫార్ములాలో 15, 12, మైనస్ 100 వేస్తే వచ్చేది 12 కాదు, 8.4 శాతం చిల్లర. ఇంకోలా చెప్తా, ఆ 12లోంచి ఏటా 4 రూపాయలు తీసి 7 శాతం వచ్చేచోట వేస్తే 15 ఏళ్లకి మీ 100 మళ్లీ తయారవుతుంది. అంటే మీరు తినాల్సింది 8 మాత్రమే. 12 తిన్నారంటే విత్తనాల గింజలు వండుకుని తింటున్నట్టే, అసలుకే ఎసరు. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత పెన్ను తీసుకుని ఆ 4 కింద గీత గీశారు.

కాబట్టి డబ్బు పడ్డ ప్రతిసారీ ఇలా చెయ్యండి. స్టాక్ ఎక్స్ఛేంజీల (బీఎస్‌ఈ లేదా ఎన్‌ఎస్‌ఈ) వెబ్‌సైట్‌లో ఆ ట్రస్టు ప్రకటన తెరవండి, యూనిట్‌కి వడ్డీ ఎంత, డివిడెండ్ ఎంత, అప్పు చెల్లింపు ఎంత అని రాసుంటుంది. నోట్‌బుక్‌లో తేదీ కాక నాలుగు గళ్లు గీసి మూడింట్లో అవి, నాలుగో దాంట్లో ఖర్చుకి వాడదగ్గది రాయండి. అప్పు చెల్లింపు గడిలో ఉన్నది అదేరోజు పక్క అకౌంట్‌కి పంపేయండి, రేపు చూద్దాం అనొద్దు, రేపటికి ఉండదు. రోడ్ల ఇన్విట్ అయితే గడువు ఎన్నేళ్లుందో చూసి పైన చెప్పిన లెక్క కూడా వెయ్యండి, వాళ్లు వడ్డీ అని రాసిన దాంట్లోంచి కూడా పక్కన పెట్టాల్సి రావచ్చు. కరెంటు లైన్ల ఒప్పందాలకీ గడువుంటుంది, మామూలుగా 35 ఏళ్లు, కాబట్టి ఏటా తియ్యాల్సింది తక్కువ. సొంత స్థలంలో ఉన్న బిల్డింగులకి ఈ బాధ లేదు, అందుకే నేను రీట్లే ఎక్కువ పెట్టుకుంటా, మీరూ అలాగే పెట్టుకోండి.

రేటు కూడా కదులుతుంది, అది ఎఫ్‌డీ కాదు. పవర్‌గ్రిడ్ ఇన్విట్ 2021లో 100కి ఇష్యూ అయింది, పైకీ ఎక్కింది, 100 కిందకీ దిగింది. రెండేళ్ల ఖర్చు ఎఫ్‌డీలో పెట్టమన్నది ఇందుకే, దిగినప్పుడు అమ్ముకునే అవసరం రాకూడదు.

ట్యాక్స్ సంగతి క్లుప్తంగా. వడ్డీ ముక్క మీ స్లాబ్‌లో కలుస్తుంది, టీడీఎస్ 10 శాతం పట్టుకునే ఇస్తారు. అప్పు చెల్లింపు ముక్కకి మామూలుగా అప్పటికప్పుడు పన్నుండదు గానీ కొన్న ధరలోంచి తగ్గించుకోవాలి, అమ్మినప్పుడు ఆ మేరకి లాభం ఎక్కువ తేలుతుంది. ట్రస్టు ఏటా పంపే స్టేట్‌మెంట్, మీ నోట్‌బుక్ రెండూ ఆడిటర్ ముందు పెట్టండి.

డీమ్యాట్‌లో నామినీ పెట్టారో లేదో ఇవాళే చూసుకోండి. ఆ నాలుగు గళ్లు ఎలా నింపాలో ఇంట్లో ఇంకొకరికి చేతిలో పెన్ను పెట్టి నేర్పండి, మా ఇంట్లో రెండేళ్ల నుంచీ మా ఆవిడే రాస్తోంది.