జీన్స్‌ మీద కత్తెర పెట్టే ముందు

మోకాళ్ల దగ్గర చిరిగి, కింద అంచులు అరిగిపోయినా నడుము, జేబులు ఇంకా గట్టిగా ఉన్న జీన్స్‌ని షార్ట్స్ చేసుకోవడానికి పెద్దగా కుట్టుపని రానక్కర్లేదు. అయితే ఈ పని ఎక్కువగా చెడేది కుట్టు దగ్గర కాదు, కత్తెర దగ్గర. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ వేసుకోవచ్చు. పొట్టిగా కోసేస్తే ఇక చేయగలిగింది ఏమీ లేదు. అందుకే కుట్టడానికి పట్టే సమయం కంటే కొలవడానికే ఎక్కువ సమయం పెట్టండి.

ముందు జీన్స్‌ని ఉతికి, పూర్తిగా ఆరబెట్టి వేసుకోండి. అద్దం ముందు నిలబడి చూసి సరిపెట్టుకోవద్దు. కూర్చుంటే బట్ట తొడ మీదకు బాగా జరుగుతుంది. నిలబడి, కూర్చుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి చూశాకే పొడవు తేల్చుకోండి. టైలర్ చాక్‌తో ముందు, వెనక, లోపలి వైపు, బయటి వైపు నాలుగు చోట్లా గుర్తు పెట్టండి. వెనక భాగం ముందుకంటే ఒక సెంటీమీటరు కిందకు ఉంటే కూర్చున్నప్పుడు నిండుగా ఉంటుంది. మనసులో ఎంత పొట్టిగా అనుకున్నా సరే, మొదటిసారి మోకాలి దగ్గరే కోసి, వేసుకుని చూసి, ఆ తర్వాత తగ్గించుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

చాలామంది మరిచిపోయేది జేబు సంచి. ముందు జేబుల్లో చెయ్యి పెట్టి అడుగు ఎక్కడి వరకు ఉందో చూడండి. గీత అంతకంటే పైన ఉంటే కత్తెర జేబును కూడా కోసేస్తుంది. కొంచెం కిందే ఉన్నా, ఆ తెల్ల బట్ట షార్ట్స్ కిందనుంచి తొంగిచూస్తుంది.

మీరు అనుకున్న పొడవు కంటే కనీసం 3 సెంటీమీటర్లు కిందకు కోయండి. 1 సెంటీమీటరు మొదటి మడతకు, 2 రెండో మడతకు. ఒక కాలు కోశాక, లోపలి కుట్టు మీద లోపలి కుట్టు, పక్క కుట్టు మీద పక్క కుట్టు వచ్చేలా రెండో కాలు మీద పరిచి, దాని ప్రకారమే గీత గీయండి. రెండు కాళ్లనూ కలిపి ఒకేసారి కోయొద్దు, మందపు బట్ట కత్తెర కింద జారిపోతుంది. కోసిన చోట కుట్టు దారాలు వేలాడితే లాగొద్దు. జీన్స్ కుట్లు చాలావరకు గొలుసు కుట్లే కాబట్టి, ఒక కొస లాగితే పైదాకా ఊడిపోతాయి. అక్కడ వెంటనే చేత్తో రెండు మూడు కుట్లు వేసి బిగించండి.

కిందకు వచ్చేకొద్దీ సన్నబడే జీన్స్‌తో ఇంకో చిక్కుంది. మడత పైకి తిప్పితే అది ఆనుకునే చోటు కంటే చుట్టుకొలతలో చిన్నదిగా ఉంటుంది, ముడతలు పడుతుంది. బలవంతంగా లాగి కుట్టకండి. పక్క కుట్టు, లోపలి కుట్టుల్లో ఏది పలుచగా ఉంటే దాన్ని మడత వరకు విప్పి, కాస్త వెడల్పుగా తిరిగి కుట్టుకుంటే మడత చక్కగా కూర్చుంటుంది.

మిషన్ మీద అసలు ప్రమాదం కుట్లు కలిసే చోట. మామూలు చోట మడతలో మూడు పొరలే ఉంటాయి. లోపలి కుట్టులో బట్ట ముందే నాలుగు పొరలుగా ఉంటే, రెండుసార్లు మడిచాక 12 పొరలవుతాయి. అక్కడికి వేగంగా వెళ్తే సూది విరిగి ముక్క ఎగురుతుంది. కళ్లజోడు పెట్టుకుంటే మంచిది. 16 నంబరు జీన్స్ సూది వేసుకోండి, పలుచని జీన్స్ అయితే 14 చాలు. పొరలు కలిసి ఎత్తుగా లేచిన ఆ దిమ్మను పాత గుడ్డ కప్పి సుత్తితో కొంచెం కొట్టి అణచండి. మిషన్ పాదం, అంటే బట్టను నొక్కి పట్టే భాగం, దిమ్మ ఎక్కేటప్పుడు దాని వెనక భాగం కింద మడిచిన జీన్స్ ముక్క పెడితే సమంగా నిలుస్తుంది. అప్పుడు పెడల్ వదిలేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దాటించండి. బట్టను వెనక్కి లాగొద్దు, సూది వంగేది అలాగే. పిన్నులు పాదం కిందకు వెళ్లకముందే తీసేయాలి. కోసిన కాలి ముక్క మీద ముందు నాలుగు వరసలు కుట్టి, కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మధ్య సరిచూసుకోండి.

మిషన్ మొరాయిస్తే ఆ దిమ్మ దగ్గర చేత్తో కుట్టేయండి, ఏమీ తక్కువ కాదు. గట్టి దారం, వేలికి తొడుగు ఉండాలి. ప్రతిసారీ ఒక కుట్టు వెనక్కి వేస్తూ ముందుకు వెళ్లే కుట్టు బాగా నిలుస్తుంది. సాగే జీన్స్‌ని మిషన్ మీద కుట్టేటప్పుడు స్ట్రెచ్ సూది (సాగే బట్టలకు వాడే మిషన్ సూది) వాడండి, ఇస్త్రీ వేడి తగ్గించండి.

అంచు మడవకుండా పోగులుగా వదిలేస్తారా? అయితే కోసిన చోటికి ఒకటిన్నర సెంటీమీటరు పైన చుట్టూ ఒక కుట్టు వేయండి. పోగులు అక్కడి దాకా వచ్చి ఆగుతాయి.

పని అయ్యాక పిన్నులు లెక్క పెట్టుకోండి. సూది విరిగి ఉంటే దాని మొనను అయస్కాంతంతో వెతికి తీశాకే వేసుకోండి. పిల్లల షార్ట్స్ అయితే మడత పొడవునా చేత్తో తడిమి చూడందే ఇవ్వొద్దు.