ముందు ఫిల్టర్ ఎక్కడుందో వెతకండి

కొత్త దేశంలో ఇల్లు దొరికాక మొదటి నెలంతా పరుగులే. ఇంటర్నెట్, పరుపులు, కాగితాలు. ఈ హడావుడిలో గోడ మీదున్న థర్మోస్టాట్‌ని ఎవరూ పట్టించుకోరు. అంకె మారిస్తే ఇల్లు వెచ్చబడుతుంది, చల్లబడుతుంది, ఇంకేం కావాలి? గదికో ఏసీ అలవాటైన మనకి, ఇల్లంతటికీ ఒకే మెషీన్ ఉంటుందని, దాన్ని మనమే చూసుకోవాలని వెంటనే తట్టదు.

నాకూ తట్టలేదు. మొదటి ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం ఏసీ ఆగకుండా నడుస్తోంది, గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే గాలి మాత్రం తగలడం లేదు. లోపలి యూనిట్ దగ్గరికెళ్లి చూస్తే నల్ల స్పాంజి తొడిగిన రాగి గొట్టం చివర తెల్లగా మంచు పేరుకుని ఉంది. బాగా చల్లబరుస్తోంది కాబోలు అనుకుని సంతోషించాను కూడా! తర్వాత ఫిల్టర్ బయటికి లాగితే అట్ట కనిపించలేదు, బూడిదరంగు దుమ్ము దుప్పటిలా వచ్చింది. ఇంట్లో దిగిన ఎనిమిది నెలల్లో ఒక్కసారీ మార్చలేదు మరి.

జరిగేది ఇదీ. దుమ్ము పట్టిన ఫిల్టర్ గుండా గాలి సరిగా వెళ్లదు. వెచ్చటి గాలి తగినంత తగలక లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మరీ చల్లబడి, దాని మీద చేరిన తేమ గడ్డకడుతుంది. ఆ మంచు మిగిలిన గాలినీ అడ్డుకుంటుంది. అలాగే నడిపిస్తే దెబ్బ తగిలేది కంప్రెసర్‌కి, అంటే అన్నిటికన్నా ఖరీదైన భాగానికి. చలికాలంలో ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్‌దీ ఇదే కథ. గాలి ఆడక లోపల వేడెక్కిపోయి, మాటిమాటికీ తనంతట తానే ఆగిపోతుంది.

మంచు కనిపిస్తే కూలింగ్ ఆపేసి, ఫ్యాన్ ఒక్కటే ‘ఆన్’లో ఉంచండి. కరగడానికి గంటలు పడుతుంది, కింద పాత గుడ్డలు వేసుకోండి. కత్తితో గీకొద్దు, కాయిల్‌కి చిల్లు పడితే పెద్ద ఖర్చు. కొత్త ఫిల్టర్ వేశాక కూడా మళ్లీ గడ్డకడితే టెక్నీషియన్‌ని పిలవాల్సిందే.

ఫిల్టర్ సాధారణంగా గాలి వెనక్కి పీల్చే పెద్ద గ్రిల్ వెనకో, మెషీన్ పక్కన సన్నటి అరలోనో ఉంటుంది. కొలతలు అంచు మీదే రాసి ఉంటాయి, ఫోటో తీసుకుని కొనండి. అంచు మీది బాణం గుర్తు మెషీన్ వైపు చూడాలి. ఒక అంగుళం మందం ఉన్నదైతే నెలకోసారి తీసి చూడండి, మూడు నెలలు దాటనివ్వొద్దు. పెంపుడు జంతువులుంటే ఇంకా ముందే. నేను వేసిన తేదీ పెన్నుతో అంచు మీదే రాస్తాను. ఇంకో మాట, మెర్వ్ అంకె (ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ము పడుతుందో చెప్పేది) ఎంత పెద్దదైతే అంత మంచిదని 13 కొనేయకండి. వల సన్నబడేకొద్దీ గాలికి అడ్డు పెరగొచ్చు, అన్ని బ్లోయర్లూ (మెషీన్‌లో గాలి తోసే ఫ్యాన్లు) దాన్ని లాగలేవు. చాలా ఇళ్లకి 8 సరిపోతుంది.

పొదుపు పేరుతో మనవాళ్లు చేసే పని ఇంకోటుంది: వాడని గదుల గ్రిల్స్ మూసేయడం. ఒకటి మూస్తే ఫర్వాలేదు గానీ, సగం ఇల్లు మూస్తే మళ్లీ గాలి ఆడని సమస్యే. సోఫా కిందో, అట్టపెట్టెల వెనకో గ్రిల్ ఉండిపోయిందేమో కూడా చూడండి.

బయటి యూనిట్ చుట్టూ రెండడుగుల ఖాళీ ఉంచండి. ఆకులు, గడ్డి చేరితే కరెంటు ఆపి, మామూలు పైపుతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ వాడితే సన్నటి రేకులు వంగిపోతాయి. మీది హీట్ పంప్ (వేసవిలో చల్లబరిచి, చలికాలంలో వెచ్చబరిచే మెషీన్) అయితే చలికాలంలోనూ బయటి యూనిట్ పనిచేస్తుంది, పట్టా కప్పకండి. ఒక్కోసారి బయటి ఫ్యాన్ ఆగిపోయి, బుస్సుమని చప్పుడొచ్చి, యూనిట్ లోంచి పొగలాంటిది లేస్తుంది. మొదటిసారి చూసి నేను టెన్షన్‌తో మెయిన్ స్విచ్ దగ్గరికి పరిగెత్తాను. అది పొగ కాదు, ఆవిరి. పేరుకున్న మంచుని మెషీన్ తనే కరిగించుకుంటోంది.

థర్మోస్టాట్ 30కి పెడితే ఇల్లు త్వరగా వెచ్చబడుతుందన్నది భ్రమ. మామూలు మెషీన్‌కి ఉన్నది ఒకటే వేగం. హీట్ పంప్‌లో అయితే ఒక్కసారిగా అంత పెంచితే కరెంటు తినేసే అదనపు హీటర్ కూడా ఆన్ కావచ్చు. ఏసీ ఆపిన వెంటనే మళ్లీ వేయకండి, ఐదు నిమిషాలు ఆగండి.

ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించండి, ఎండలో చలిలో అందరూ ఎగబడక ముందే. గ్యాస్ ఫర్నేస్ ఉంటే అది తప్పనిసరి, పడక గదుల దగ్గర వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం కూడా. అద్దె ఇల్లైతే రిపేరు ఎవరి బాధ్యతో, ఫిల్టర్ ఎవరు మార్చాలో అగ్రిమెంట్‌లో చూసుకుని, తేడా కనిపించిన రోజే ఓనర్‌కి మెసేజో మెయిలో పెట్టండి. వచ్చిన టెక్నీషియన్ ‘ఏసీలో గ్యాస్ తగ్గింది, నింపుతా’ అంటే మాత్రం వెంటనే తలూపకండి. ఆ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే దాదాపు ఎక్కడో లీకైనట్టే. లీకు ఎక్కడుందో చూపించమని అడగండి.