కష్టకాలానికి ఒక చిన్న నోటుపుస్తకం

కష్టం ముంచుకొచ్చిన రాత్రి ప్రార్థనకు మోకరిస్తే, దేవుడు ఇంతకుముందు చేసిన మేలు ఒక్కటీ గుర్తుకు రాదు. అందుకని నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి బైబిలుతోపాటే ఉంచి, ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, ఆ వారం జరిగిన మేలును తేదీతో, రూపాయలతో సహా రెండు వరుసల్లో రాస్తున్నాను. ‘దేవుడు ఆదుకున్నాడు’ అని మాత్రమే రాస్తే ఆర్నెల్ల తరువాత చదివినా ఏమీ తట్టదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్‌లో మేము డాబా మీద ఉండగా, పక్క మేడవారు తాడుతో దించిన రెండు పాల ప్యాకెట్లు కూడా అందులో ఉన్నాయి. దిగులు కమ్మిన రోజున మూడు పాత పుటలు పైకి చదివి, ఆ తరువాతే ప్రార్థన మొదలుపెడతాను. బైబిలులో సమూయేలు ప్రవక్త, దేవుడు చేసిన సహాయానికి గుర్తుగా రాయి నిలిపి దానికి ఎబెనెజరు (‘సహాయపు రాయి’) అని పేరు పెట్టినది ఇందుకే కాబోలు. అయితే ఆప్తులు పోయిన తొలి రోజుల్లో ఇది పనిచేయదు. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు ఈ పుస్తకం ఊసెత్తకుండా పక్కన కూర్చోండి.