వరద రాకముందే: షుగర్ ఉన్న పిల్లి ఇంట్లో ఉంటే తీసుకోవలసిన జాగ్రత్తలు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే లంకల్లో వాళ్లు బియ్యం, గ్యాస్, గేదెల మేత చూసుకుంటారు. ఇంట్లో షుగర్ ఉన్న పిల్లి ఉంటే దాని ఏర్పాట్లు అప్పటిదాకా ఆపకండి, జూన్‌లోనే మొదలుపెట్టండి. రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల తేడాతో ఇన్సులిన్ పడాల్సిన ప్రాణి అది. కాజ్‌వే మునిగి, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఆగిపోయాక సిరంజిల కోసం అమలాపురమో నరసాపురమో వెళ్లడం కుదరదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి.

ఒక పూట ఇంజక్షన్ తప్పిపోతే ఎలా అన్నదే చాలామందికి టెన్షన్. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. తిండి ముట్టని పిల్లికి, టైమ్ అయింది కదా అని పూర్తి డోసు వేసేయడం. ఒక పూట తప్పితే షుగర్ పెరుగుతుంది, తర్వాత సర్దుకోవచ్చు. తినకుండా వేసిన ఇన్సులిన్‌తో షుగర్ పడిపోతే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కొత్త చోటు, జనం, కుక్కల అరుపులు, ఇవన్నీ పిల్లిని తిండికి దూరం చేసేవే. అందుకే ముందు పెట్టాలి, తిన్నదని కళ్లతో చూశాకే సూది వేయాలి.

సగమే తింటే ఎంత వెయ్యాలి, వాంతి చేసుకుంటే ఏం చెయ్యాలి, ఎన్ని పూటలు తప్పితే పరుగెత్తుకు రావాలి, ఇవి మీ డాక్టరు గారిని ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ పేరు, డోసు, ఏ సిరంజి వాడాలో కూడా అందులోనే ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా, పిల్లిని పక్కింటివాళ్లకు అప్పజెప్పాల్సి వచ్చినా ఆ కాగితమే దిక్కు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి సిరంజిల డబ్బాలోనే ఉంచండి.

సిరంజి విషయం నిదానంగా చదవండి. మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. దేని సిరంజి దానిదే. మామూలుగా 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత ఉంటుంది. అయినా రంగు చూసి వదిలేయకుండా మీద అంకె చదవండి. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 2 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 5 యూనిట్లు. నాలుగైదు కిలోల పిల్లికి అది చాలా ఎక్కువ. హడావుడిలో షాపువాళ్లు ఏదుంటే అది ఇస్తారు కాబట్టి వరదల కాలానికి సరిపడా సిరంజిలు ముందే తెచ్చిపెట్టుకోవాలి. కరెంటు లేని రాత్రి టార్చి వెలుగులో ఆ సన్నగీతలు సరిగ్గా కనబడవు. వెలుతురు ఉండగానే సాయంత్రం డోసు పడేలా టైమ్ మార్చుకోవచ్చా అని కూడా డాక్టరుని అడగండి. ఇంజక్షన్ చేశాక బొచ్చు తడిగా తగిలి మందు వాసన వస్తే మందు బయటికి పోయినట్టే. ఎంత పోయిందో తెలీదు కాబట్టి మళ్లీ వెయ్యకండి, వచ్చే డోసు దాకా ఆగండి.

ఇన్సులిన్ ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో. కరెంటు పోతే సీసాను మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మట్టికుండలో ఉంచి, కుండ చుట్టూ తడిగుడ్డ కట్టండి. ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమ వల్ల కుండ అంతగా చల్లబడదు, అయినా ఎండ తగలకుండా, వేడెక్కకుండా కాపాడుతుంది. ఐసు దొరికితే సీసాకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తేటగా ఉండాల్సిన గ్లార్జిన్ రకం ఇన్సులిన్ మబ్బుగా మారినా పారేయాలి.

ఇక తిండి. మన ఇళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం అలవాటు. షుగర్ ఉన్నదానికి అన్నం తగ్గించి మాంసాహారం పెంచాలన్నది నిజమే. కానీ వరద ముందు ఒక్కసారిగా మార్చకండి. పిండిపదార్థం తగ్గగానే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది, పాత డోసే కొనసాగిస్తే షుగర్ పడిపోతుంది. మార్చాలంటే డాక్టరు చూస్తుండగా, ఇప్పుడే. నిల్వకు చిన్న తడి ఆహారం పౌచ్‌లు మేలు. ఒక్కో పూటకు ఒకటి విప్పితే ఫ్రిజ్ అక్కర్లేదు. ఎండు మెత్తళ్లు పిల్లికి ప్రాణమే గానీ ఉప్పు ఎక్కువ, వాటి మీద ఆధారపడకండి. ఎర్రనీటితో పులస వచ్చే కాలం కూడా ఇదే. చేప ఉడికించి, ముల్లు తీసి పెట్టండి. పులుసులో ముక్క మాత్రం వద్దు, ఉల్లిపాయ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది. శిబిరంలో ఏమీ దొరక్కపోతే ఉల్లి, వెల్లుల్లి లేని పెరుగన్నమైనా పర్వాలేదు. ఒళ్లున్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయమే పాడవుతుంది.

షుగర్ పడిపోతే పిల్లి నీరసంగా తూలుతుంది, పిలిస్తే పలకదు, వణుకుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే తిండి పెట్టండి. లేకపోతే తేనెగానీ, చిక్కగా కలిపిన గ్లూకోజ్ గానీ వేలితో చిగుళ్లకు రాయండి. నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే వేలు నోట్లో పెట్టకుండా పెదవి అంచున రుద్దండి. తేరుకున్నా డాక్టరుకి చూపించాల్సిందే. దీనికి పూర్తిగా వేరైనది ఇంకోటుంది: తిండి మానేసి, వాంతులవుతూ, ముడుచుకు పడుకుని, నోటి నుంచి పండు మగ్గిన వాసన వస్తుంటే అది కీటోన్ల (ఇన్సులిన్ చాలక ఒంట్లో పేరుకునే ఆమ్లాల) విషం. ఇంట్లో చేసేదేమీ లేదు, ఏ పడవ దొరికితే ఆ పడవలో ఆసుపత్రికి చేర్చాలి. సంచార పశువైద్య వాహనం నంబరు 1962 గోడ మీద రాసిపెట్టుకోండి, కానీ దారి మునిగితే ఆ వాహనం కూడా రాలేదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు అన్న వార్త వినగానే పిల్లిని గదిలో పెట్టి తలుపు వెయ్యండి. నీళ్లు గుమ్మం ముందుకొచ్చాక అటక మీదికో కొబ్బరిచెట్టు మీదికో ఎక్కిన పిల్లిని దించడం ఎవరి తరమూ కాదు. తలుపున్న బుట్టను వారం ముందే నేల మీద తెరిచి పెట్టి, అందులోనే తిండి పెడుతూ అలవాటు చెయ్యండి.

శిబిరంలో గ్లూకోమీటర్ అంకె చూసి డోసు పెంచకండి. భయపడిన పిల్లికి షుగర్ దానంతటదే ఎగబాకుతుంది. ఇల్లు చేరి, రెండు మూడు రోజులు మామూలుగా తిన్నాక డాక్టరుకి మళ్లీ చూపించి అప్పుడే డోసు సరిచేయించండి. ఎండదెబ్బ తిన్న సీసా మీద అనుమానం ఉంటే కొత్తది తెరవండి.