లాంగ్ జంప్: అడుగు బోర్డు మీదే పడాలంటే

పర్లాకిమిడి పరిసరాల్లో పిల్లలకు ఏళ్లుగా లాంగ్ జంప్ నేర్పుతున్నాను. చక్కగా పరుగెత్తే పిల్లలు, ఎగిరేచోట ఉండే చెక్క పట్టీని (బోర్డును) పాదం దాటించి, మూడు ఛాన్సులూ ఫౌల్ (చెల్లని జంప్) చేసుకుని ఏడుస్తూ వెళ్లడం చూడలేక ఇది రాస్తున్నాను.

ముందు గుంట. మహేంద్రతనయ నది ఇసుక జల్లించి పోసి, తవ్వి, తడిపి, చదును చేయండి. బోర్డు లేకపోతే 20 సెంటీమీటర్ల వెడల్పున సున్నం పట్టీ గీయండి. నాలుగడుగులు పరుగెత్తి ఎగిరితే ఏ కాలితో తేలిగ్గా లేస్తారో తెలుస్తుంది. అదే మీ ఎగిరే కాలు.

ఇక రనప్, అంటే ఎగరడానికి ముందు తీసే పరుగు. అసలు కష్టమంతా ఇక్కడే. గుంటకు వీపు పెట్టి బోర్డు దగ్గర నిలబడండి. ఎగిరే కాలితో మొదలుపెట్టి, పోటీలో పరుగెత్తినట్టే 13 అడుగులు (కొలత అడుగులు కాదు, అంగలు) పరుగెత్తండి. పదమూడో అడుగు పడినచోట ఇంకొకరు గుర్తు పెట్టాలి. ఐదారు సార్లు చేస్తే గుర్తులన్నీ ఒకచోట గుంపుగా పడతాయి. దాని మధ్య నుంచి బోర్డు వరకు టేపుతో కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. పిల్లలకు 13 అడుగులే. 19 వద్దు, లెక్క నిలవదు.

ఇప్పుడు అదే గుర్తు నుంచి, అదే కాలితో మొదలుపెట్టి బోర్డు వైపు రండి. పాదం పది సెంటీమీటర్లు దాటిందా? గుర్తునే పది సెంటీమీటర్లు వెనక్కి జరపండి. అడుగులు మాత్రం మార్చొద్దు. వెనక నుంచి గాలి కొడితే అడుగు సాగుతుంది, అప్పుడూ గుర్తు వెనక్కే. ఎదురుగాలైతే ముందుకు. కొత్త గ్రౌండ్‌కు వెళ్తే మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

"బోర్డు చూసి ఎగురు" అని పక్కనుంచి అరిచేవాళ్ల మాట వినకండి. కిందికి చూస్తే చివరి మూడడుగులు తడబడతాయి, వేగం చచ్చిపోతుంది. చూపు గుంట అవతలి చెట్టు మీద ఉండాలి. భయపడి బోర్డుకు జానెడు వెనకే ఎగిరినా నష్టమే, ఎందుకంటే కొలత బోర్డుకు గుంటవైపున్న అంచు నుంచే. ఒక్కో సెంటీమీటరు ఎంత విలువైనదో చూడండి. 1968లో అమెరికా ఆటగాడు బీమన్ 8.90 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెడితే, దాన్ని ఇంకో అమెరికా ఆటగాడు పావెల్ 8.95తో దాటింది 1991లో. ఐదు సెంటీమీటర్లకు 23 ఏళ్లు పట్టింది!

ఎగిరేటప్పుడు పాదమంతా ఆనించి, రెండో మోకాలు పైకి లాగండి. దిగేటప్పుడు కాళ్లు చాచి, మడమలు తగలగానే మోకాళ్లు వంచి ముందుకు పడండి. చెయ్యి వెనక ఆనితే కొలత అక్కడి వరకే. లేచాక గుంటలోంచి ముందువైపుకే బయటికి రండి. బోర్డు వైపు వెనక్కి నడిచి వస్తే ఆ జంప్ కూడా ఫౌలే.