అడ్వెంచర్ బండికి కొత్త టైర్లు: ఉత్తర తెలంగాణ దారులకు ఏవి ఎంచుకోవాలి

తారు మీదా మట్టిదారిలోనూ నడిచేలా చేసిన అడ్వెంచర్ మోటారుసైకిలుతో పాటు వచ్చిన టైర్లు ఎలాంటివైనా వాటితోనే సర్దుకుపోతాము. అవి అరిగిన రోజున మాత్రం నిర్ణయం మన చేతికి వస్తుంది, చాలామంది తడబడేది అక్కడే. దుకాణంలో వరుసగా పెట్టిన టైర్లలో లోతైన సందులు, ఎత్తైన దిమ్మెలు ఉన్న బటన్ టైరు మీదికే మొదట చూపు పోతుంది. అది వేస్తే బండికి అందం వచ్చే మాట నిజమే. అయినా వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రోజూ తిరుగుతూ, వీలు దొరికినప్పుడు దూరప్రయాణాలు చేసేవాళ్లలో ఎక్కువమందికి ఆ టైరు అవసరం లేదని, రోడ్డు వైపు మొగ్గిన టైరే వాళ్లను ఎక్కువ భద్రంగా ఇంటికి చేరుస్తుందని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు పాత టైరు దగ్గర మొదలుపెట్టాలి.

పాత టైరు చెప్పే సంగతులు

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి వెనుక చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. మధ్యభాగం చదునుగా అరిగి, రెండు అంచులూ దాదాపు కొత్తగానే ఉంటే మీ ప్రయాణాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా ఏటూరునాగారం దాటిపోయే 163వ జాతీయ రహదారి వంటి తిన్నని తారు మీదే సాగాయని అర్థం. దిమ్మెల అంచులు చిట్లి, రబ్బరు చిన్నచిన్న ముక్కలుగా ఊడిపోయి ఉంటే కంకర దారులు ఎక్కువ తొక్కారన్నమాట. ముందు టైరును అరచేత్తో ఒక దిశలో నిమిరితే నున్నగా, ఎదురు దిశలో నిమిరితే గరుకుగా తగులుతోందంటే దిమ్మెలు ఏటవాలుగా అరుగుతున్నాయి. చాలాసార్లు దీనికి కారణం గాలి తక్కువ ఉంచి నడపడమే. దాన్ని సరిచేసుకోకపోతే కొత్త టైరుకూ అదే గతి పడుతుంది.

గాడుల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డుకట్టలు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చూపడానికి టైరు పక్కగోడ మీద టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న త్రికోణమో అచ్చువేసి ఉంటుంది. దిమ్మె అరిగి ఆ కట్టతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. అయితే అంతవరకు ఆగమని నేను చెప్పను. మే నెలలో గాడి లోతు సగానికి మించి తరిగి ఉంటే, మృగశిర కార్తె రాకముందే టైరు మార్చడం తెలివైన పని, ఎందుకంటే తడి రోడ్డు మీద నీటిని పక్కకు తోసేది ఆ లోతే. వానాకాలమంతా అరిగిన టైరుతో నెట్టుకొచ్చి, దసరాకు కొత్తది వేయించుకుంటే అసలు అవసరమైన నెలల్లో అది లేకుండా పోయినట్టవుతుంది.

గాడి లోతు బాగున్నా వయసు మీరిన టైరును నమ్మకూడదు. మన ఎండకు రబ్బరు తొందరగా గట్టిపడుతుంది, అందులోనూ నీడ లేని చోట నిలిపి ఉంచే బండికి ఇది మరీ త్వరగా జరుగుతుంది. పక్కగోడ మీద, దిమ్మెల మొదళ్లలో సన్నని పగుళ్లు కనబడుతున్నాయంటే కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి మార్చేయాలి.

మన నేల, మన రోడ్లు

టైరు తయారీదారులు రోడ్డుకు ఇంత, మట్టికి ఇంత అని 80/20, 70/30, 50/50 వంటి నిష్పత్తులు చెబుతారు. వాటికి కచ్చితమైన కొలమానం ఏదీ లేదు. ఒక కంపెనీ 70/30 మరొక కంపెనీ 50/50కు దగ్గరగా ఉండవచ్చు. పేరులోని అంకెలను కూడా నిష్పత్తిగా చదవకూడదు: కాంటినెంటల్ వారి టీకేసీ 70 రోడ్డుకూ మట్టిదారికీ మధ్యస్థంగా చేసినది, టీకేసీ 80 అచ్చమైన బటన్ టైరు. మిషెలిన్ అనకీ అడ్వెంచర్‌ను ఆ కంపెనీయే 80/20గా చెబుతుంది, మితాస్ ఇ-07 సగం సగం తరహాది. మన దగ్గర తేలికగా దొరికే సియట్ గ్రిప్, ఎంఆర్ఎఫ్ మోగ్రిప్ మీటియర్ వంటివి కూడా చూసి, పేరు కన్నా దిమ్మెల మధ్య సందు ఎంత ఉందో, మధ్యభాగంలో రబ్బరు ఎంత వరకు సందులు లేకుండా కలిసి ఉందో గమనించడం మేలు. మధ్యలో దిమ్మెలు దగ్గరగా ఉంటే తారు మీద పట్టు, మన్నిక పెరుగుతాయి. సందులు వెడల్పైన కొద్దీ వదులు మట్టిలో పట్టు పెరుగుతుంది.

ఇప్పుడు మన నేలను చూద్దాం. వరంగల్, ములుగు చుట్టుపక్కల ఎర్ర చెలక, మొరం దారులు ఎక్కువ. లక్నవరం వైపో, పాఖాల వైపో ఊళ్ల మీదుగా అడ్డదారిన పోతే గట్టి నేల మీద వదులు గుండ్రాళ్లు పరుచుకుని, పరిచిన జొన్నల మీద కాలు మోపినట్టు ముందు చక్రం జారుతుంది. ఇక్కడ బటన్ టైరు పెద్దగా చేసేదేమీ లేదు, దిమ్మె దిగబడటానికి కింద మెత్తని మట్టి ఉండదు కాబట్టి. ఒక మోస్తరు సందులున్న టైరులో గాలి కొంచెం తగ్గించి, వేగం తగ్గించి, బ్రేకును మెల్లగా పట్టుకుంటే చాలు.

ఆదిలాబాద్ వైపు నల్లరేగడి సంగతి పూర్తిగా వేరు. దక్కన్ పీఠభూమిలోని నల్లరాయి శిథిలమై ఏర్పడిన ఈ బంకమన్ను నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విడుస్తుంది. తడి రేగడిలో చక్రం రెండు చుట్లు తిరిగేసరికి సందులన్నీ మట్టితో నిండి, ఏ టైరైనా నున్నటి టైరే అవుతుంది. ఆపైన ముందు మడ్‌గార్డు కిందికి మట్టి చేరి చక్రమే తిరగక నిలిచిపోతుంది. వెడల్పు సందుల టైరు తనంతట తాను మట్టి విదుల్చుకోవాలంటే చక్రం బాగా వేగంగా తిరగాలి. సామాను, వెనుక మనిషితో కలిపి 350 కిలోలు దాటిన బండితో ఆ పని చేయబోతే పడిపోవడమే జరుగుతుంది. జోడేఘాట్, కెరమెరి పరిసరాల్లో మట్టిదారి పట్టేముందు వాన పడిందేమో ఊరివాళ్లను అడగడం, పడి ఉంటే తారు రోడ్డు మీదుగా చుట్టూ తిరిగిపోవడం ఏ టైరూ ఇవ్వలేని రక్షణ ఇస్తాయి.

ఇక తారు మీద ఉన్న ప్రమాదాలు చూడండి. నాట్ల కాలంలో ఇనుప కేజ్ వీల్స్ బిగించిన ట్రాక్టర్లు పొలం బురదను రోడ్డు మీదికి తెస్తాయి, కోతల కాలంలో వడ్లు, మక్కలు సగం రోడ్డు మీద ఆరబోసి ఉంటాయి, భూపాలపల్లి, రామగుండం చుట్టూ బొగ్గు లారీల నుంచి రాలిన పొడి తొలకరి చినుకులకు తారు మీద జారుడు పొరగా మారుతుంది. ఇటువంటి చోట అత్యవసరంగా బ్రేకు వేస్తే నేలకు తగిలే రబ్బరు ఎంత ఉంటే అంత మంచిది. బటన్ టైరులో నేలను తాకేవి దిమ్మెల తలలు మాత్రమే, పైగా ఎత్తైన దిమ్మెలు బ్రేకు బరువుకు వంగుతాయి. అందుకే తడి తారు మీద ఆగడానికి అది ఎక్కువ దూరం తీసుకుంటుంది. మనం ఎక్కువగా ఎదుర్కొనే ప్రమాదం ఇదే కాబట్టి నా ఎంపిక ఎప్పుడూ 80/20, మహా అయితే 70/30 టైరే.

రెండు చక్రాలకూ ఒకే రకం వేయాలన్న నియమం లేదు. దారిలో మట్టి పాలు కాస్త ఎక్కువ అనుకుంటే ముందు కొంచెం సందులు ఎక్కువున్న టైరు, వెనుక రోడ్డు టైరు వేసుకోవచ్చు. ముందు చక్రం జారితే బండిని నిలబెట్టడం చాలా కష్టం, వెనుకది జారితే సర్దుకునే అవకాశం ఉంటుంది. పైగా ఇంజను బలం మోసే వెనుక టైరే తొందరగా అరుగుతుంది కాబట్టి అక్కడ మన్నికైన రోడ్డు రబ్బరు ఉండటం డబ్బుకూ మేలు. దీనికి తిరగేసి, వెనుక కొత్త బటన్ టైరు వేసి ముందు అరిగిన టైరును అలాగే ఉంచడం మాత్రం ఎంతమాత్రం తగదు.

కొలతలు, బరువు, తేదీ

సైజు విషయంలో ప్రయోగాలు చేయవద్దు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు ముందు 90/90-21, వెనుక 120/90-17. హీరో ఎక్స్‌పల్స్ 200కు వెనుక 120/80-18. సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్‌కు ముందు 100/90-19, వెనుక 140/70-17. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది ఆ వెడల్పులో ఎత్తు శాతం, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 120/90 టైరు పక్కగోడ ఎత్తు 108 మిల్లీమీటర్లు. దాని బదులు లావుగా కనబడుతుందని 130/80 వేస్తే ఎత్తు 104కు తగ్గుతుంది, మొత్తం వ్యాసంలో 8 మిల్లీమీటర్లు పోతాయి. వెడల్పు టైరును సన్నని రిమ్ములో బిగిస్తే అది రెండు పక్కలా నొక్కుకుపోయి, మలుపులో బండి వంగే తీరు మారుతుంది, చైనుకు రాసుకునే ప్రమాదం కూడా ఉంటుంది. బండితో వచ్చిన పుస్తకంలో అనుమతించిన కొలతలకే కట్టుబడండి. ముందొకటి బయాస్ (లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉండేది), వెనుకొకటి రేడియల్ (ఆ పొరలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా ఉండేది) అనే కలయిక కూడా కంపెనీ చెప్పినప్పుడే వేసుకోవాలి.

సైజు తర్వాత వచ్చే అంకెను ఎవరూ చదవరు, నిజానికి దూరప్రయాణికుడికి అదే కీలకం. 65 ఎస్ అని ఉంటే ఆ టైరు నిండు గాలితో 290 కిలోల వరకు మోయగలదని, 180 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. 57 అంటే 230 కిలోలే, 69 అంటే 325. బండి 200, ఇద్దరు మనుషులు 140, పెట్టెల్లో సామాను 30 అనుకుంటే మొత్తం 370 కిలోలు. వెనుక మనిషి, సామాను రెండూ వెనుక చక్రం మీదే కూర్చుంటాయి కాబట్టి అందులో 60 నుంచి 65 శాతం, అంటే 222 నుంచి 240 కిలోలు దానిమీదే పడతాయి. 57 టైరు ఈ బరువుకు అంచున నిలబడుతుంది, 65 టైరు నిశ్చింతగా మోస్తుంది. గాలి తగ్గితే ఈ మోసే శక్తి తగ్గి, వేడి పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు 44వ జాతీయ రహదారి మీద బరువుతో పోయేవాళ్లు ఈ లెక్కను తేలికగా తీసుకోకూడదు.

టైరు పక్కగోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. 21 అంగుళాల టైర్లు ప్రతి దుకాణంలో ఉండవు, హనుమకొండలో కూడా తరచుగా తెప్పించుకోవలసే వస్తుంది. అందుకని డబ్బు కట్టేముందే తయారీ తేదీని ఫోటో తీసి పంపమని అడగండి. ఏడాది లోపుదైతే మంచిది, రెండేళ్లు దాటిందైతే మరొకటి అడగడంలో తప్పులేదు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి, బిల్లు తప్పక తీసుకోండి. వాడిన టైరు ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, లోపలి పొరలు ఏ గుంతలో దెబ్బతిన్నాయో బయటికి కనబడదు.

బిగించే చోట నిలబడి చూడవలసినవి

చువ్వల రిమ్ములున్న చాలా బండ్లకు లోపల ట్యూబు ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరును ట్యూబుతో అలాంటి రిమ్ముకు వేయవచ్చు గానీ, ట్యూబు టైరును ట్యూబు లేకుండా ఎన్నడూ నడపకూడదు. టైరు మార్చినప్పుడు ట్యూబు కూడా కొత్తది వేయించండి. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడతపడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది. పొలాల గట్ల వెంట తుమ్మముల్లు గుచ్చుకుంటే ట్యూబులో గాలి ఒక్కసారిగా పోతుంది. అందుకే ట్యూబు బండివాళ్లు సామానులో ఒక ట్యూబు, టైరు పట్టీలు (టైరును రిమ్ము నుంచి ఊడదీసే, ఎక్కించే ఇనుప లివర్లు), చిన్న పంపు పెట్టుకోవడం మంచిది.

రిమ్ము ఖాళీ అయినప్పుడు రిమ్ము టేపు మీద వేలు నడిపించి చూడండి. చువ్వ తల ఎక్కడైనా పైకి పొడుచుకుని తగిలితే దాన్ని సరిచేసి, టేపు మార్చిన తర్వాతే ట్యూబు పెట్టనివ్వాలి. టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే దిశకే ఉండాలి, పసుపు చుక్క ఉంటే వాల్వు దగ్గరికి రావాలి. చివరి అంచును పట్టీతో ఎక్కించేటప్పుడు ఎదుటి వైపు అంచును రిమ్ము మధ్యలోని లోతు గాడిలోకి మోకాలితో నొక్కి ఉంచితే పని సులభమవుతుంది. ఆ పని చేయకుండా బలవంతంగా పట్టీని తిప్పినప్పుడే ట్యూబు నలిగిపోతుంది. జారడానికి సబ్బునీళ్లు చాలు, గ్రీజు గానీ ఇంజనాయిలు గానీ పూయనివ్వకండి, రబ్బరు పాడవుతుంది. గాలి నింపిన తర్వాత రిమ్ము అంచు వెంట టైరు మీద కనబడే సన్నని గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూసి, బ్యాలెన్సింగు చేయించి, వెనుక చక్రమైతే చైను బిగువు, ఇరుసు నట్టు సరిచూసుకోండి.

కొత్త టైరు పైపొర జారుడుగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో ఎక్కువ వంచకుండా, బ్రేకులు మెల్లగా వేస్తూ నడపాలి. గాలిని ఉదయం, బండి కదలకముందు చూసుకోవాలి. ఎండలో పరుగెత్తి వచ్చిన టైరులో రీడింగు సహజంగానే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే రాత్రికి చల్లారాక తక్కువైపోతుంది. ఒంటరిగా వెళ్లేటప్పుడు, ఇద్దరు వెళ్లేటప్పుడు ఎంత ఉండాలో పుస్తకంలో వేరువేరుగా రాసి ఉంటుంది. మట్టిదారిలో దానికన్నా నాలుగైదు పీఎస్ఐ తగ్గించుకోవచ్చు, అంతకుమించి తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లుపడుతుంది. తారు ఎక్కగానే మళ్లీ పాత లెక్కకు గాలి కొట్టుకోవాలి. చువ్వల రిమ్ములు ఉన్నవాళ్లు మొదటి 500 కిలోమీటర్లకు ఒక్కో చువ్వనూ స్పానరుతో తట్టి వినాలి: బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, మొద్దుబారిన చప్పుడు వచ్చినది వదులైనట్టు, దాన్ని ఆ రోజే బిగించుకోవాలి.